కోరంగి రేవును పూడ్చిన మన్ను

వనస్థలిపురమున మేమున్న వీధి పల్లమునకు వాలియుండును. పెద్దవాన వెలసిన పిదప ఎగువనుండి వచ్చిన యెఱ్ఱనీరు వీధి చివర చదునుచోటికి చేరి, మోసికొనివచ్చిన మన్నును విసనకఱ్ఱవలె పఱచిపోవును. వేగమున్నంతవఱకే నీటికి మోయుశక్తి. వేగము తగ్గినచో బరువు దింపవలసినదే; ముతక యిసుక ముందు, సన్నని యొండ్రు పిదప. గోదావరి డెల్టాను బోధించునపుడు నా విద్యార్థులకు పటముకంటె ముందు ఈ వీధినే చూపుదును.

గోదావరి సముద్రమున గలియుచోట జరుగునదియు నిదియే; కాని యచ్చట ఒక రేవుపట్టణమే యా మన్నునకు బలియైనది. గౌతమీశాఖ ముఖద్వారమునకు చేరువనున్న కోరంగి, 18వ శతాబ్దమున ఓడల నిర్మాణమునకును మరమ్మతులకును పేరుపొందినది. బర్మాలో తెలుగువారికి కోరంగీలను పేరు ఈ రేవునుండియే వచ్చినది. శ్రీకాకుళమువాడైనను అచ్చట కోరంగివాడే!

కోరంగి యెట్లు చెడినదని యడిగిన, 1789లోను 1839 నవంబరులోను వచ్చిన తుపానులను చెప్పుట వాడుక. ఉప్పెనలు ఊరిని ముంచినమాట నిజమే. కాని యుప్పెన వచ్చిన దారినే వెనుకకు పోవును గదా! 1789 తరువాత రేవు మరల లేచినది. పిమ్మట లేవనీయనిది మన్ను. ఏటేటి వఱదతో వచ్చిన యొండ్రు ముఖద్వారమున మేటవేసెను. ఉప్పునీరు తగిలినంతనే సన్నని బంకమట్టి కణములు ఒండొంటి నంటుకొని, ముద్దలై, అడుగునకు దిగును. ఇది గాలివానవలె కేకపెట్టి రాదు. అందుచే జనుల జ్ఞాపకమున నిలువలేదు. 19వ శతాబ్దమున వర్తకము కాకినాడకు తరలెను.

ఆ కాకినాడకు చాటునిచ్చినదియు ఈ నది యిసుకయే. ముఖద్వారమున దిగిన యిసుకను తీరపు ప్రవాహములు ఉత్తరమునకు ద్రోయగా దాదాపు 16 కిలోమీటర్ల తిన్నె యేర్పడినది. అదియే హోప్ దీవి. దాని వెనుక సముద్రము నెమ్మదించి ఓడలకు అనువైనది. ఆ నెమ్మదియే ఒండ్రు దిగుటకును అనువు. పూడిక తీయక యా రేవు సాగదు. కోరంగి చుట్టును మడ అడవులు పెరిగినవి. 1978లో వానిని అభయారణ్యముగా ప్రకటించిరి.

తరువాత కథ మాఱినది. ఎగువ జలాశయములలో ఒండ్రు నిలిచిపోవుటచే, 1970 దశకమున గోదావరి కడలికి తెచ్చిన మట్టిలో 1990 దశకమునకు ఇంచుమించు మూడవవంతే మిగిలినది. ఒడ్డును అలలు ఎల్లప్పుడును తినుచుండును. క్రొత్తమన్ను రాకున్న తఱుగక తప్పదు. కాకినాడకు ఉత్తరముననున్న ఉప్పాడలో సముద్రము ఇండ్లను, రోడ్డును కోసివేసినది. అచ్చట తిన్నె పెరుగుదలయు, రేవు కట్టడములును ఇసుక నడకను మార్చినవి గావున నేరమంతయు ఆనకట్టలపై మోపుట తగదు. అయినను జలాశయములలో పూడిన మట్టిని నీటినిల్వకు తఱుగుగా వ్రాయు లెక్కలను చూచితిని గాని, అది డెల్టాకు చేరవలసిన బాకీయని వ్రాసికొన్న పద్దు నాకెచ్చటను గనబడలేదు.