పరుగుకి ముందు పరుగు

క్యాన్సర్ విరాళాల కోసం హాఫ్ మారథాన్‌కి పేరైతే ఇచ్చేశా గానీ, రెండో వారానికే నా ప్రాక్టీసు అటకెక్కింది. అప్పుడు టెర్రీ ఫాక్స్ గురించి చదివాను. ఎముక క్యాన్సర్ వల్ల 1977లో, 18 ఏళ్లకే కుడికాలు పోగొట్టుకున్న కెనడా కుర్రాడు. కృత్రిమ కాలితో ఏడాదికి పైగా, దాదాపు 5,000 కిలోమీటర్లు సాధన చేశాడు. మధ్యలో 1979లో ఓ పోటీలో పరిగెత్తితే అందరికన్నా చివర వచ్చాడు!

1980 ఏప్రిల్ 12న సెయింట్ జాన్స్‌లో బయల్దేరి 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకడంతో థండర్ బే దగ్గర ఆగిపోయాడు. 1981 ఫిబ్రవరికి విరాళాలు 2.4 కోట్ల డాలర్లు దాటాయి. అంటే అతను కోరుకున్నట్టే, కెనడాలో మనిషికో డాలరు. ఆ జూన్‌లోనే 22 ఏళ్లకి పోయాడు.

అందరూ చెప్పుకునేది ఆ 143 రోజుల గురించే. నన్ను సిగ్గుపడేలా చేసింది మాత్రం అంతకుముందు ఎవరూ చూడని ఆ 5,000 కిలోమీటర్లు. రేపు పొద్దున్న ఐదింటికి అలారం పెట్టా. చూద్దాం.