సముద్రం ఒడ్డు నుంచి మన గూడెం ప్రార్థన షెడ్డు దాకా

మన గూడేల్లో చర్చి అంటే చాలాచోట్ల నాలుగు గుంజలు, పైన రేకులు, కింద పేడతో అలికిన నేల. ఆదివారం ఓ పాతిక మంది వస్తారు. పాస్టరు గారు కూడా మిగతా రోజుల్లో జీడితోటకి కూలికి వెళ్లేవారే. ఈ షెడ్డు ఎక్కడి నుంచి వచ్చిందో మన పిల్లలకి తెలియాలి. ఎందుకంటే దాని పేరు మీదే ఇవాళ మనలో మనం కొట్లాడుకుంటున్నాం.

1805లో లండన్ మిషనరీ సొసైటీ వారు క్రాన్, డెగ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయర్ అనే తెలుగు పండితుడి సాయంతో సువార్తలు తెలుగులోకి మార్చే పని మొదలుపెట్టారు. 1812లో అవి శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటికే క్రాన్, డెగ్రాంజెస్ ఇద్దరూ చనిపోయారు. తర్వాత కెనడా బాప్టిస్టులు వచ్చారు. 1874లో కాకినాడ, 1878లో తుని, ఆపైన యలమంచిలి. అంతా సముద్రం వైపు, రోడ్డు వైపు, తెలుగు వైపే. కొండ జ్వరాలకి భయపడి ఏజెన్సీ ఎక్కడానికి దొరలే కాదు, సర్కారు ఉద్యోగులు కూడా వెనకాడేవారు.

కొండ భాష పట్టించుకున్నవారు మరోవైపు నుంచి వచ్చారు. 1882లో జర్మనీ లూథరన్ మిషనరీలు జయపురం సీమకి చేరారు. వారిలో సాలూరులో పనిచేసిన షూల్జ్ 1911లో కువి భాషకి వ్యాకరణం అచ్చువేయించాడు. మన కోందుల ఇళ్లలో అవ్వలు మాట్లాడే కువే అది. పుస్తకం మీద పేరు ఆయనది, లోపలి మాటలు మనవాళ్లవి. అదే కాలంలో పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవరల కోసం బడులు పెట్టి, వాచకాలు రాశారు. ఆయన మతం మార్చడానికి వెళ్లలేదు. పలకా బలపం పట్టించడానికి వెళ్లారు. మిషన్ ఒక్కటే మనకి అక్షరం తెచ్చిందని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

ఇక కొట్లాట సంగతి. "చర్చికెళ్తే ఎస్టీ పోతుంది" అని హాస్టలు పిల్లలే వచ్చి అడుగుతున్నారు. పోదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది, దాన్ని 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి సడలించారు. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో ఆ షరతే లేదు. కానీ 2004లో కేరళ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా అంది. మతం మారినంత మాత్రాన తెగ పోదు గానీ, ఆ మనిషి ఇంకా తెగ ఆచారాలు పాటిస్తున్నాడా, తెగవాడిగా పడే ఇబ్బందులు పడుతున్నాడా అనేది చూడాలని చెప్పింది.

అందుకే ఇటుకల పండగ నాడు ప్రార్థన ఇళ్లవాళ్లు చందా ఇవ్వకుండా, థింసాకి చెయ్యి కలపకుండా పక్కకి తప్పుకుంటే మనకి బాధే. వాళ్లు మొక్కరని కుళాయి దగ్గర నిలదీసినా అంతే బాధ. రోడ్డు లేని మన గూడేల్లో గర్భిణిని డోలీలో దించేటప్పుడు, భుజం మార్చుకునేవాడు ఏ దేవుణ్ణి కొలుస్తాడని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఈ చైత్రంలో పండగ చందా పుస్తకం పట్టుకుని యువకులు ముందుగా పాస్టరు గారి ఇంటికే వెళ్లండి. చర్చి పిల్లలు సెల్‌ఫోన్ పట్టుకుని అవ్వ దగ్గర కూర్చుని కువి మాటలు రికార్డు చెయ్యండి. షూల్జ్ పుస్తకంలో దొరకని మాటలు ఆమె దగ్గర ఇంకా ఉన్నాయి.