అడవి నడుమ చెక్క చర్చి: సామీ ఆదివాసుల చరిత్ర



ఈసారి మనం చాలా దూరం పోదాం. ఫిన్లాండ్ దేశం ఉత్తరాన ఇనారి అనే ప్రాంతం ఉంది. అక్కడి ఆదివాసులు సామీలు. చేపల వేట, రెయిన్‌డీర్ల పెంపకం వాళ్ల బతుకుతెరువు. వేసవిలో చెరువుల పొంటి చెల్లాచెదురుగా ఉండి, చలికాలం రాగానే అందరూ ఒక్కచోట చేరేవాళ్లు. అట్లాంటి చలికాలపు గూడెం దగ్గరే, పీల్పయార్వి చెరువు పక్కన, 1752-1760 మధ్య ఒక చెక్క చర్చి కట్టారు. అది ఇప్పటికీ నిలబడే ఉంది.

దానికి బండి బాట లేదు. అడవిలో సుమారు 5 కిలోమీటర్లు నడవాలి. సిలువ ఆకారంలో దుంగలతో కట్టిన గుడి. లోపల చెక్క బెంచీలు, బలిపీఠం, ప్రసంగ వేదిక. బంగారం లేదు, ఆర్భాటం లేదు.

19వ శతాబ్దం చివర ఇనారి ఊర్లో కొత్త చర్చి కట్టాక దీన్ని వదిలేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ కొత్త చర్చి బాంబులకు కూలిపోయింది. 1944-45లో జర్మన్ సైన్యం వెనక్కి పోతూ లాప్‌లాండ్ ఊళ్లను తగలబెట్టింది. అడవిలో ఉన్న ఈ పాత చర్చి మాత్రం మిగిలింది! 1970లలో బాగు చేశారు. ఇప్పటికీ ఈస్టర్‌కు, నడి వేసవి పండుగకు అక్కడ ప్రార్థనలు జరుగుతాయి.

కానీ ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆ కాలంలో సామీల దేశాల్లో మత ప్రచారకులు, అధికారులు వాళ్ల పవిత్రమైన డోళ్లను గుంజుకున్నారు, కాల్చేశారు. 1691లో ఆండర్స్ పౌల్సన్ అనే సామీ పెద్దాయన దగ్గర గుంజుకున్న డోలు డెన్మార్క్ నుంచి సామీలకు తిరిగి దక్కింది 2022లో. స్వీడన్ చర్చి అయితే 2021లో సామీలకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది.

మరి ఆ చర్చిని సామీల చరిత్ర అనాలా, వాళ్ల మీద జరిగిన ఒత్తిడికి గుర్తు అనాలా? మేమైతే రెండూ అంటాం. ఒకటి దాచి ఇంకోటి చెప్తే అది సగం చరిత్రే. ఆ బెంచీల మీద కూర్చున్నది సామీలే, పోయిన డోళ్లూ సామీలవే.

ఇనారి సామీ భాష మాట్లాడేవాళ్లు ఇయ్యాల కొన్ని వందల మందే. అయినా 1997 నుంచి "భాషా గూళ్లు" పెట్టి చిన్నపిల్లలకు ఆ భాషలోనే మాట్లాడటం నేర్పుతున్నారు. కట్టడాన్ని కాపాడినట్టే మాటనూ కాపాడుతున్నారు.

మన గూడేల్లో కూడా పాత దేవతల గుళ్లు, డోళ్లు, తాతలు కట్టిన చెక్క ఇండ్లు ఉన్నాయి. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక ఫొటో తీయండి. అది ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో పెద్దవాళ్లను అడిగి, మన భాషలోనే రాసి పెట్టండి. వాళ్లు ఉన్నప్పుడే అడగాలి!