శస్త్రచికిత్స కోసం నిరీక్షణ: నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పిత్తాశయ రాళ్ళ వ్యాధి - ఒక సామాజిక చరిత్ర

5.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

- పిత్తాశయ రాళ్ళ వ్యాధిలో 'నిరీక్షణ' ఎందుకు ముఖ్యమైన అంశమో వివరించగలుగుతారు.
- నిజాం కాలం నుండి నేటి వరకు దక్షిణ తెలంగాణ ప్రజలకు శస్త్రచికిత్స ఎలా అందుబాటులోకి వచ్చిందో తెలుపగలుగుతారు.
- వలస, వ్యవసాయ పనుల కాలం, ప్రభుత్వ పథకాలు రోగి నిర్ణయాన్ని ఎలా ప్రభావితం చేశాయో విశ్లేషించగలుగుతారు.

5.1 పరిచయం

వైద్య చరిత్ర అనగానే మనకు కలరా, ప్లేగు, మశూచి వంటి మహమ్మారులు గుర్తుకు వస్తాయి. అవి ఒక్కసారిగా వచ్చి వేలమందిని బలిగొన్నాయి కనుక ప్రభుత్వ నివేదికల్లోకి ఎక్కాయి. కాని నెలలు, సంవత్సరాల తరబడి మనిషిని వేధిస్తూ, ఎవరి లెక్కల్లోకీ రాని జబ్బులు కూడా ఉన్నాయి. పిత్తాశయంలో రాళ్ళు అటువంటి జబ్బు. నొప్పి వస్తుంది, పోతుంది. పోయిన రోజు మనిషి పనికి వెళ్తాడు. మళ్ళీ వచ్చిన రాత్రి నిద్ర ఉండదు. ఆపరేషన్ చేయించుకోవాలని వైద్యుడు చెబుతాడు. ఆ మాటకూ ఆపరేషన్ బల్లకూ మధ్య కాలమే ఈ పాఠానికి విషయం.

ఇక్కడ నల్లగొండ, మహబూబ్‌నగర్ అన్నప్పుడు 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణకు ముందున్న ఉమ్మడి జిల్లాలను ఉద్దేశిస్తున్నాం. నేటి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాల ప్రాంతాలు కూడా వీటిలో చేరి ఉన్నాయి.

5.2 వ్యాధి స్వభావం

కాలేయం తయారుచేసే పైత్యరసాన్ని నిల్వచేసే చిన్న సంచి పిత్తాశయం. కొవ్వు పదార్థాలు తిన్నప్పుడు అది ముడుచుకొని ఆ రసాన్ని పేగులోకి పంపుతుంది. రసంలోని కొలెస్టరాల్ గాని, రంగు పదార్థాలు గాని గడ్డకడితే రాళ్ళు ఏర్పడతాయి. పురుషులలో కంటే స్త్రీలలో ఈ వ్యాధి ఎక్కువ.

చాలామందిలో ఈ రాళ్ళు ఏ బాధా కలిగించవు. అటువంటివారికి సాధారణంగా శస్త్రచికిత్స అవసరం ఉండదు. రాయి సంచి మూతికి అడ్డుపడినప్పుడే నొప్పి మొదలవుతుంది. కుడివైపు పక్కటెముకల కింద గాని, పొట్ట పైభాగంలో గాని లేచి, వీపుకు, కుడి భుజానికి పాకుతుంది. అర గంట నుండి కొన్ని గంటల వరకు ఉండి తగ్గిపోతుంది. రాయి పక్కకు జరగగానే నొప్పి పోవడం వల్ల రోగికి జబ్బే పోయిందనిపిస్తుంది. తాగిన సోడా, నమిలిన వాము, వేయించుకున్న ఇంజక్షన్ పనిచేశాయనుకుంటాడు. నిరీక్షణ పొడిగిపోవడానికి మొదటి కారణం వ్యాధి స్వభావంలోనే ఉంది.

అయితే ఈ నిరీక్షణ ఎల్లప్పుడూ సురక్షితం కాదు. ఆరు గంటలు దాటినా తగ్గని నొప్పి, చలిజ్వరం, ఆగని వాంతులు, కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం ప్రమాద సూచనలు. ఇవి కనిపిస్తే వాయిదాకు తావులేదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

5.3 శస్త్రచికిత్స ఆవిర్భావం

పిత్తాశయాన్ని పూర్తిగా తొలగించే తొలి శస్త్రచికిత్సను 1882 జూలై 15న బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ చేశాడు. రోగి వయస్సు 43 సంవత్సరాలు. అతడు అప్పటికి 16 సంవత్సరాలుగా నొప్పి అనుభవిస్తూ మార్ఫిన్‌కు అలవాటుపడ్డాడు. ఈ శస్త్రచికిత్స చరిత్ర దీర్ఘ నిరీక్షణ చేసిన ఒక రోగితోనే మొదలైందన్నమాట.

కడుపు కోయాలంటే రోగికి మత్తు ఇవ్వాలి. ఈ విషయంలో హైదరాబాద్‌కు ప్రపంచ వైద్య చరిత్రలో స్థానం ఉంది. 1846లో ఇక్కడ వైద్య పాఠశాల ఏర్పడింది. 1866లో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వచ్చింది. వైద్య పాఠశాలకు నాయకత్వం వహించిన ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889 సంవత్సరాలలో రెండు క్లోరోఫాం కమిషన్‌లు పనిచేశాయి. రెండవ దానికి లండన్ నుండి లాడర్ బ్రంటన్ వచ్చాడు. శ్వాసను జాగ్రత్తగా గమనిస్తే క్లోరోఫాం సురక్షితమేనని ఆ కమిషన్‌లు తేల్చాయి. క్లోరోఫాం నేరుగా గుండెను కూడా దెబ్బతీయగలదని 20వ శతాబ్దపు పరిశోధనలు రుజువు చేయడంతో ఆ నిర్ణయం నిలువలేదు. అదే వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరుగా గుర్తింపు పొందింది.

రెండవ కమిషన్‌కు ధనసహాయం చేసిన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరుమీదనే పాలమూరు 1890లో మహబూబ్‌నగర్ అయింది. ఇందులోని వైరుధ్యాన్ని విద్యార్థులు గమనించాలి. రాజధానిలో మత్తుమందు గురించి ప్రపంచస్థాయి ప్రయోగాలు జరుగుతున్న కాలంలో, రాజు పేరు పెట్టుకున్న జిల్లాలోని రైతుకు ఆ మత్తు, ఆ కత్తి రెండూ దూరంగానే ఉన్నాయి.

5.4 దూరం అనే అడ్డంకి

1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరదల్లో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి దెబ్బతిన్నది. దాని స్థానంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఉస్మానియా ఆసుపత్రి నిర్మాణమైంది. పెద్ద ఆపరేషన్ అంటే ఉస్మానియాకు పోవాలి అనే మాట దక్షిణ తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా స్థిరపడింది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు రెండూ హైదరాబాద్‌కు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. కాని అచ్చంపేట, కొల్లాపూర్, దేవరకొండ లోపలి గ్రామాల నుండి చూస్తే దూరం కిలోమీటర్లలో లెక్కకు రాదు. రోగితో పాటు ఒక తోడు మనిషి పోవాలి. ఆ మనిషి కూలి పోతుంది. ఇంట్లో పశువులను, పిల్లలను చూసేవారు కావాలి. పూర్వం పక్కటెముకల కింద పెద్ద కోత పెట్టి చేసే ఆపరేషన్‌కు వారం, అంతకు మించి ఆసుపత్రిలో ఉండి, తరువాత నెలకు పైగా బరువు పనులు మానుకోవలసి వచ్చేది. కూలి మీద బతికే కుటుంబానికి ఇది ఒక పంటకాలాన్ని వదులుకోవడంతో సమానం.

అలంపూర్ ప్రాంత ప్రజలకు హైదరాబాద్ కంటే కర్నూలు దగ్గర. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రి వారికి సహజమైన ఆశ్రయం. 2014లో రాష్ట్ర విభజనతో ఆ ఆసుపత్రి పొరుగు రాష్ట్రానిదైంది. తుంగభద్ర అక్కడే ఉన్నా నది మీది వంతెన రాష్ట్రాల సరిహద్దుగా మారింది.

5.5 పాలమూరు కూలీ, పని కాలం

వర్షాధార వ్యవసాయం, తరచు కరువులు కారణంగా మహబూబ్‌నగర్ జిల్లా నుండి వలసలు సాగాయి. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టిన 'పాలమూరు కూలీ' దేశమంతటా ప్రసిద్ధి. మేస్త్రీ దగ్గర ముందుగా అడ్వాన్సు తీసుకొని కుటుంబాలు నెలల తరబడి బయటి ప్రాంతాలకు పోయేవి. నల్లగొండ జిల్లా పద్మశాలీలు భివండీ మరమగ్గాలకు వలసపోయారు.

అడ్వాన్సు తీసుకున్న కూలీకి జబ్బు సొంత విషయం కాదు. పని మధ్యలో ఆగితే అప్పు మిగులుతుంది. ఈ పరిస్థితిలో వచ్చిపోయే నొప్పిని ఓర్చుకోవడమే సహజ నిర్ణయమవుతుంది. నాట్లు అయిపోనీ, పత్తి ఏరడం పూర్తికానీ, బిడ్డ పెళ్ళి గడవనీ అంటూ ఆపరేషన్ ముందుకు జరుగుతుంది. దీనిని అజ్ఞానంగానో నిర్లక్ష్యంగానో చూడటం సరికాదు. ఆ కుటుంబం ఎదుట రెండు నష్టాలున్నాయి: ఖచ్చితంగా పోయే కూలి, వస్తుందో రాదో తెలియని ప్రమాదం. వారు రెండవదానిని ఎంచుకుంటున్నారు.

స్త్రీల విషయంలో ఇది మరింత కఠినం. నొప్పి భయంతో దావత్‌లో కూర్చున్నా బగారా అన్నం, మాంసం పక్కకు నెట్టి చారన్నంతో లేవడం, రాత్రిళ్ళు గోడకు ఆనుకొని కూర్చొని తెల్లవార్చడం, ఎవరికీ చెప్పకుండా తెల్లవారి నాట్లకు పోవడం: నిరీక్షణ అంటే ఆచరణలో ఇదే. ఇవి ఏ ఆసుపత్రి రిజిస్టరులోనూ నమోదు కావు.

5.6 గుర్తింపు: గ్యాస్ నొప్పి నుండి స్కానింగ్ వరకు

1968లో ఎస్.ఎల్. మల్హోత్రా భారతీయ రైల్వే కార్మికుల మీద ప్రచురించిన అధ్యయనంలో, ఉత్తర భారతీయులలో పిత్తాశయ రాళ్ళు దక్షిణ భారతీయుల కంటే సుమారు ఏడు రెట్లు ఎక్కువని తేలింది. రాళ్ళ రకంలోనూ తేడా ఉంది. ఉత్తరాన కొలెస్టరాల్ రాళ్ళు ఎక్కువ కాగా, దక్షిణాన రంగు పదార్థపు రాళ్ళు, మిశ్రమ రాళ్ళు గణనీయంగా కనిపిస్తాయి. అయితే ఆసుపత్రి లెక్కలు ఆసుపత్రికి చేరినవారి గురించే చెబుతాయి. చేరనివారి గురించి చెప్పవు.

ఈ రాళ్ళలో ఎక్కువ భాగం సాధారణ ఎక్స్-రేలో కనిపించవు. 1980ల తరువాత అల్ట్రాసౌండ్ స్కానింగ్ క్రమంగా జిల్లా పట్టణాలకు విస్తరించే వరకు పల్లె రోగి నొప్పికి సరైన పేరే దొరకలేదు. గ్యాస్ నొప్పి అన్న పేరుతో ఆర్‌ఎంపీ వైద్యుల వద్ద ఇంజక్షన్‌లతో కాలం గడిచేది. నేటికీ ఇది పూర్తిగా మారలేదు.

మరొక అపోహ నీటికి సంబంధించినది. నల్లగొండ జిల్లా నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. దానివల్ల కలిగే ఫ్లోరోసిస్ ఎముకలను, పళ్ళను దెబ్బతీస్తుంది. ఈ అనుభవం వల్ల పిత్తాశయ రాళ్ళను కూడా నీటికే ముడిపెట్టడం కనిపిస్తుంది. కాని ఈ రాళ్ళు పైత్యరసం నుండి ఏర్పడేవి. నీళ్ళు మార్చినా, ఎక్కువ తాగినా కరిగిపోవు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది కామెర్ల విషయం. తెలుగు పల్లెల్లో పచ్చకామెర్లకు పసరు మందు తాగడం, వాత పెట్టించుకోవడం పాత అలవాట్లు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలాసార్లు వాటంతటవే తగ్గుతాయి కనుక పసరు మీద నమ్మకం నిలిచింది. కాని రాయి జారి పైత్యనాళాన్ని మూసివేసినప్పుడు వచ్చే కామెర్లు వేరు. అక్కడ పసరుతో గడిపిన ప్రతి రోజూ చీము పట్టడానికి, ప్రాణాపాయానికి దారితీయవచ్చు. పైకి ఒకేలా కనిపించే రెండు జబ్బులకు ఒకే పేరుండటం ఇక్కడ నష్టానికి మూలం.

5.7 చిన్న కోత, పెద్ద మార్పు

1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహే పొట్ట మీద చిన్న రంధ్రాల ద్వారా పిత్తాశయాన్ని తొలగించాడు. 1990లో ముంబయిలో తెహెంటన్ ఉద్వాడియా ఈ లాపరోస్కోపిక్ పద్ధతిని భారతదేశంలో ప్రవేశపెట్టాడు. నెలకు పైగా విశ్రాంతి అవసరమైన చోట ఒకటి రెండు రోజుల ఆసుపత్రి వాసం, వారం రెండు వారాల విశ్రాంతి సరిపోయే పరిస్థితి వచ్చింది. కూలీ కుటుంబానికి ఈ తేడా విలువ ఎంతో పై భాగాల ఆధారంగా మీరు అంచనా వేయవచ్చు. కాని పరికరాలు, శిక్షణ నగరాల ప్రైవేటు ఆసుపత్రులలో ముందుగా చేరడంతో దూరం స్థానంలో ధర అడ్డంకిగా నిలిచింది.

5.8 ఆరోగ్యశ్రీ: అనుమతి కోసం నిరీక్షణ

2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం మూడు వెనుకబడిన జిల్లాలలో మొదలైంది. అవి మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. అదే సంవత్సరం డిసెంబరులో రెండవ దశలో నల్లగొండ చేరింది. తెల్ల రేషన్ కార్డు కుటుంబానికి సంవత్సరానికి 1.5 లక్షల రూపాయల వరకు, అవసరమైతే అదనంగా 50 వేల వరకు చికిత్స వర్తించింది. మొదటి జాబితాలో గుండె, కాన్సర్, మూత్రపిండాలు, నరాలు, కాలిన గాయాల వంటివాటికి ప్రాధాన్యం ఇచ్చారు. 2008 జూలైలో పథకం విస్తరించి మరిన్ని శస్త్రచికిత్సలు చేరాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న పరిమితిని 10 లక్షలకు పెంచారు.

అప్పు చేసి ఆపరేషన్ చేయించుకునే దుస్థితిని ఈ పథకం చాలా కుటుంబాలకు తప్పించింది. అదే సమయంలో కొత్త రకం నిరీక్షణను సృష్టించింది. ఆరోగ్యమిత్ర వద్ద నమోదు, పరీక్షలు, ట్రస్టు ముందస్తు అనుమతి, పడక ఖాళీ: ఇవన్నీ వరుస మెట్లు. అనుబంధ ఆసుపత్రులు హైదరాబాద్‌లోనే ఎక్కువగా ఉండటం వల్ల ప్రయాణం తప్పలేదు. కార్డు ఊళ్ళో, మనిషి వలసలో ఉన్నప్పుడు ఇబ్బంది మరీ ఎక్కువ.

పిత్తాశయ శస్త్రచికిత్స సాధారణంగా ముందుగా తేదీ నిర్ణయించి చేసేది. అందుకే అత్యవసర కేసు వచ్చిన ప్రతిసారీ వెనక్కి జరిగేది ఇదే. 2020లో కొవిడ్ కాలంలో ఇది ప్రపంచమంతటా కనిపించింది. తీవ్ర అంతరాయం ఏర్పడిన 12 వారాలలో ప్రపంచవ్యాప్తంగా 2.84 కోట్ల ముందస్తు ప్రణాళిక శస్త్రచికిత్సలు రద్దు లేదా వాయిదా పడతాయని ఒక అంతర్జాతీయ పరిశోధక బృందం అంచనా వేసింది. హైదరాబాద్‌లో గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కొవిడ్‌కు కేటాయించారు.

ఇటీవలి కాలంలో శస్త్రచికిత్స జిల్లాలకు చేరువవుతున్నది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఏర్పడింది.

5.9 సారాంశం

నిరీక్షణ వ్యాధి లక్షణం మాత్రమే కాదు. దానిని సమాజం తయారుచేస్తుంది. 19వ శతాబ్దం చివర చికిత్స పుట్టినా అది రాజధానికే పరిమితమైంది. తరువాత దూరం, ఆపైన ధర, నేడు అనుమతి, వరుస అడ్డంకులయ్యాయి. ఒక అడ్డంకి తొలగినప్పుడల్లా మరొకటి ముందుకు వచ్చింది. వీటన్నిటి వెనుక మారకుండా నిలిచినది కూలి పోతుందన్న భయం. ఆపరేషన్ ఖర్చును ప్రభుత్వం భరించినా, మంచం మీద గడిపే రోజుల కూలిని భరించేవారు లేనంతవరకు నిరీక్షణ పూర్తిగా తగ్గదు.

5.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. నొప్పి దానంతటదే తగ్గడం రోగి నిర్ణయాన్ని ఎలా ప్రభావితం చేస్తుంది? (5 వాక్యాలలో)
2. హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్‌ల ప్రాముఖ్యం ఏమిటి? (10 వాక్యాలలో)
3. దక్షిణ తెలంగాణలో శస్త్రచికిత్సకు ఎదురైన అడ్డంకులు కాలక్రమంలో ఎలా మారాయో చర్చించండి. (30 వాక్యాలలో)

కృత్యం: మీ గ్రామంలో 60 సంవత్సరాలు దాటిన ఇద్దరితో మాట్లాడండి. వారి ఇంట్లో మొదటిసారి ఆపరేషన్ చేయించుకున్నది ఎవరు, ఎక్కడికి వెళ్ళారు, ఎన్నాళ్ళు ఆగారు, ఆ రోజుల్లో ఇంటి పని ఎవరు చేశారు అని అడిగి, వారి అనుమతితో, పేర్లు రాయకుండా నమోదు చేయండి. రిజిస్టర్లలో లేని చరిత్రకు మీరు రాసే ఆ రెండు పేజీలే ఆధారం అవుతాయి.