పని మారితే ఇల్లు నిలుస్తుంది



మాది హయత్‌నగర్. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరు. బందరు దారిన పోయే బాటసారుల కోసం ఇక్కడ మసీదు చుట్టూ గదులు కట్టించారు. దగ్గరలోనే ఏనుగులచేత నీళ్ళు తోడించిన హాతీ బావి ఉంది. మొన్న మా మనుమరాలు ఆ బావిని చూసి, "పని లేనిదాన్ని ఎందుకుంచారు అమ్మమ్మా?" అంది. చిన్నపిల్ల మాటే గాని, కొట్టిపారెయ్యవలసింది కాదు.

దానికి జవాబు హుస్సేన్‌సాగర్ దగ్గర దొరికింది నాకు.

1920లో, మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, ఆ చెరువు ఒడ్డున థర్మల్ విద్యుత్కేంద్రం నెలకొల్పారు. బొగ్గు సింగరేణిది. బొగ్గు మండించి ఆవిరి పుట్టిస్తే, ఆ ఆవిరి టర్బైను తిప్పుతుంది. పని చేసిన ఆవిరిని మళ్ళీ నీరుగా చల్లార్చాలంటే బోలెడు నీళ్ళు కావాలి. చెరువు ఒడ్డున కట్టింది అందుకే. కాలం మారింది, దాని పనీ అయిపోయింది. 1990ల దశకంలో దాన్ని కూల్చేశారు. ఇప్పుడు ఆ తావున ఎన్టీఆర్ గార్డెన్స్, సినిమా హాళ్ళు ఉన్నాయి. పిల్లలు ఆడుకుంటున్నారు, సంతోషమే. కాని మన ముందు తరాల ఇళ్ళలో దీపం వెలిగించిన ఇల్లు మాత్రం లేదు.

అక్కడికి దగ్గరలోనే సైఫాబాదు టంకసాల. ఇది 1903 నాటిది. నిజాం నాణేలూ, తరువాత భారత ప్రభుత్వ నాణేలూ ఇక్కడ తయారయ్యాయి. 1990లలో ఆ పని చర్లపల్లికి తరలిపోయింది. అయినా ఇల్లు నిలిచింది. 2022లో దాన్ని మ్యూజియంగా తెరిచారు. రూపాయి ఎలా పుడుతుందో ఇప్పుడు పిల్లలు కళ్ళారా చూడవచ్చు.

లండనులోనూ ఇలాంటి కథే ఉంది. థేమ్స్ ఒడ్డున బ్యాంక్‌సైడ్ విద్యుత్కేంద్రం 1981లో మూతబడింది. 2000లో అదే టేట్ మోడరన్ చిత్రశాల అయింది. పొగగొట్టాన్ని కూడా తీసెయ్యలేదు. టర్బైన్లు తిరిగిన హాలును ఇప్పటికీ టర్బైన్ హాలనే పిలుస్తారు.

పాత ఇంటిని నిలబెట్టడం తేలికా అంటారు. కాదు. డబ్బు కావాలి, ఓపిక కావాలి. కాని పట్టుచీర చిరిగిందని మనం పారేస్తామా? గట్టిగా ఉన్న మేర చూసి, పిల్లకు లంగా కుట్టిస్తాం. కత్తెర పట్టేముందు బట్టను వెలుతురులో పెట్టి చూస్తాం. రేపు ఏ మిల్లు మూతబడినా, ఏ కార్ఖానా తలుపు పడినా, స్థలం ఎంత పలుకుతుందని అడిగేముందు, ఈ గోడలు ఇంకేం పని చెయ్యగలవని అడగాలి. కూల్చాక అడిగి లాభం లేదు.

ఈ సెలవుల్లో పిల్లల్ని టంకసాలకు తీసుకువెళ్ళండి. మా వైపు వాళ్ళు ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగితే సరిపోతుంది. మా మనుమరాలికి నేను చెప్పబోయే జవాబు అక్కడే ఉంది.

సెలవు.