నిలువు షూటర్ ఆటలు: ఆయుధాలు, పవర్-అప్‌ల చరిత్ర

నేపథ్యం తెర పైనుంచి కిందికి జరుగుతుంటే, విమానాన్నో అంతరిక్ష నౌకనో నడుపుతూ ఎదురొచ్చే శత్రువులను కాల్చే వీడియో ఆటలను నిలువు షూటర్లు అంటారు. నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రాల కోసం జపాన్ సంస్థలు వీటిని తీర్చిదిద్దాయి. ఆట మధ్యలో దొరికి నౌక కాల్పుల బలాన్నో వేగాన్నో రక్షణనో పెంచే వస్తువును పవర్-అప్ అంటారు. ఇది ఊరికే దొరికే కానుక కాదు. మంచి ఆటలన్నింటిలోనూ ప్రతి ఆయుధానికీ ఏదో ఒక మూల్యం ఉంటుంది.

టైటో సంస్థ కోసం టొమోహిరో నిషికడో 1978లో రూపొందించిన స్పేస్ ఇన్వేడర్స్‌లో నేపథ్యం కదలదు. అయినా ఆయుధాల కథ అక్కడే మొదలవుతుంది. అందులో ఒక తూటా తెర మీద ఉండగా రెండోది పేలదు. గురి తప్పితే అది పై అంచు చేరేదాకా ఆగాలి. దగ్గరి శత్రువుకు తగిలితే మాత్రం మరుక్షణమే మళ్లీ కాల్చవచ్చు. అందువల్ల ప్రమాదానికి దగ్గరగా వెళ్లినవాడికే వేగంగా కాల్చే అవకాశం దక్కింది. తెర మీది తూటాల సంఖ్యకు హద్దు పెట్టే ఈ పద్ధతి తర్వాతి ఆటల్లోనూ చాలాకాలం నిలిచింది.

నామ్కో 1981లో విడుదల చేసిన గెలాగాలో శత్రు నాయకుడు కిరణం వేసి ఆటగాడి నౌకను లాక్కుపోతాడు. మరో నౌకతో అతణ్ని కూల్చి, బందీని విడిపించుకుంటే రెండు నౌకలూ పక్కపక్కన చేరి జంటగా కాలుస్తాయి. కాల్పులు రెట్టింపవుతాయి, తూటా తగిలే వెడల్పు కూడా రెట్టింపవుతుంది. ఒక లైఫ్‌ను కావాలని పోగొట్టుకుంటే తప్ప ఈ బలం రాదు. పవర్-అప్ అనే ఆలోచనకు ఇంత చక్కని తొలిరూపం మరొకటి లేదు.

మసనోబు ఎండో రూపొందించిన నామ్కో ఆట జెవియస్ 1982 చివర్లో వచ్చింది. ఇందులో పవర్-అప్‌లు లేవు. గాలిలోని శత్రువులకు ఒక బటన్, నేల మీది స్థావరాలపై బాంబు వేయడానికి మరొకటి ఉన్నాయి. బాంబు ఎక్కడ పడుతుందో చూపే గురి గుర్తు నౌకకు ముందు, ఎప్పుడూ ఒకే దూరంలో ఉంటుంది. అంటే నౌకను నడపడమే గురిపెట్టడం. ఈ రెండంచెల పద్ధతిని నామ్కో 1987లో డ్రాగన్ స్పిరిట్‌లో మళ్లీ వాడింది. అక్కడ నౌక బదులు డ్రాగన్ ఉంటుంది, దానికి మూడు తలల దాకా మొలుస్తాయి.

క్యాప్‌కామ్ తరఫున యోషికి ఒకమోటో 1984లో చేసిన 1942 అనే ఆటలో, ఎర్ర విమానాల గుంపును పూర్తిగా కూల్చితే పౌ అనే గుర్తు మిగులుతుంది. దాన్ని అందుకుంటే తూటాల వరుస వెడల్పవుతుంది, లేదా రెండు చిన్న విమానాలు అటూఇటూ తోడొస్తాయి. దీని తర్వాత వచ్చిన 1943 అనే ఆటలో ఆయుధాలకు గడువు పెట్టారు, గడియారం అయిపోతే అవీ పోతాయి. మెరుపులు కురిపించే ప్రత్యేక దాడి ఆటగాడి ప్రాణశక్తినే ఖర్చు చేస్తుంది. మన ఊళ్లలో టీవీకి తగిలించుకుని ఆడిన నకలు ఆట యంత్రాల క్యాసెట్లలో గెలాక్సియన్ అనే మరో షూటర్, 1942 తరచుగా ఉండేవి. చాలామంది తెలుగు పిల్లలకు ఈ ఆటల పరిచయం అలా జరిగింది.

కొనామి వారి ట్విన్‌బీ (1985)లో మేఘాలను కాల్చితే గంటలు రాలతాయి. గంటను కాల్చేకొద్దీ దాని రంగు మారుతుంది, రంగును బట్టి ఫలితం. పసుపు గంటకు మార్కులు, నీలానికి వేగం. కావలసిన రంగు వచ్చాక కాల్పులు ఆపలేకపోతే అది కాస్తా మారిపోతుంది. అదే ఏడాది నిచిబుట్సు విడుదల చేసిన టెర్రా క్రెస్టాలో విడిభాగాలు ఒక్కొక్కటిగా నౌకకు అతుక్కుంటాయి, అన్నీ చేరితే కొద్దిసేపు నిప్పుల పక్షిగా మారవచ్చు.

టోవాప్లాన్ కాలం

నిలువు షూటర్ల ఆయుధాలకు స్థిరమైన రూపమిచ్చిన ఘనత టోక్యోకు చెందిన టోవాప్లాన్ అనే చిన్న సంస్థది. 1985లో వచ్చిన టైగర్-హెలిలో హెలికాప్టర్ తూటాలు తెర చివరిదాకా వెళ్లవు. కనుక శత్రువు దగ్గరికే పోవాలి. ఆ కొరత తీర్చడానికి రెండు బాంబులిచ్చారు. పేల్చితే చుట్టుపక్కల అంతా తుడిచిపెట్టుకుపోతుంది. బాంబులు హెలికాప్టర్‌కు బయట తగిలించి కనిపిస్తుంటాయి, శత్రువు తూటా వాటికి తగిలితే వాటంతట అవే పేలిపోతాయి. తోడు వచ్చే చిన్న హెలికాప్టర్లు రెండు రకాలు: ముందుకు కాల్చేవి, పక్కలకు కాల్చేవి. అంతకుముందు విలియమ్స్ సంస్థ వారి అడ్డ షూటర్ (నేపథ్యం పక్కకు జరిగే ఆట) డిఫెండర్‌లోనూ తెరను ఊడ్చేసే బాంబు ఉంది. అయితే దాన్ని నిలువు షూటర్లలో తప్పనిసరి అంగంగా మార్చింది టైగర్-హెలియే.

1986లో వచ్చిన స్లాప్ ఫైట్‌లో నక్షత్రాలను పోగుచేస్తూ కింది పట్టీలో నచ్చిన ఆయుధాన్ని ఎంచుకోవాలి. కొనామి అడ్డ షూటర్ గ్రేడియస్ (1985) చూపిన దారి ఇది. రెక్కలు తగిలిస్తే కాల్పులు పెరుగుతాయి, నౌక వెడల్పూ పెరుగుతుంది. గెలాగా జంట నౌకల బేరమే ఇక్కడ మరింత పరిణతితో కనిపిస్తుంది. 1987 నాటి ట్విన్ కోబ్రాలో ఆయుధాల గుర్తులు రంగులు మార్చుకుంటూ తెర మీద తిరుగుతాయి. ఏ రంగులో ఉండగా అందుకుంటే ఆ ఆయుధం వస్తుంది. పసుపు రంగుది నాలుగు దిక్కులకూ కాలుస్తుంది, కానీ ఎదుట బలం తక్కువ. అందువల్ల దాన్ని ఎలా తప్పించుకోవాలో తెలియడం కూడా ఆటలో భాగమైంది.

మసాహిరో యుగే రూపొందించిన ట్రక్స్‌టన్ (1988)లో ఈ కళ ఉన్నత స్థాయికి చేరింది. ఎరుపు ఆయుధం వెడల్పుగా చిమ్ముతుంది, ఆకుపచ్చ తిన్నగా దూసుకుపోతుంది, నీలం మెరుపు తీగలా శత్రువును పట్టుకుని వదలదు. ఐదు పి గుర్తులు చేరితేనే బలం ఒక మెట్టు ఎక్కుతుంది. బాంబు వేస్తే తెరంతా పుర్రె బొమ్మ విచ్చుకుంటుంది. ఒక్కసారి చస్తే మాత్రం పోగుచేసినదంతా పోయి, ఒట్టి నౌకతో వెనకటి మజిలీ నుంచి మొదలు పెట్టాలి. ఆయుధాలున్నవాడికి సులువు, కోల్పోయినవాడికి మరింత కష్టం అయ్యే ఈ తీరు పాత షూటర్లలో చాలావాటిని వెంటాడిన లోపమే.

సీబు కైహత్సు 1990లో తెచ్చిన రైడెన్ ఈ సూత్రాలను అందరికీ అర్థమయ్యేలా సరళం చేసి విశేష ఆదరణ పొందింది. ఎరుపు గుర్తు తూటాలను చిమ్మే వల్కన్, నీలం సన్నని లేజర్. ఎం అంటే తిన్నగా పోయే క్షిపణి, హెచ్ అంటే వెంటాడేది. దీని బాంబు వేసిన క్షణానే పేలదు, కాబట్టి ముందుచూపు కావాలి. 1993లో వచ్చిన రెండో భాగంలోని ఊదారంగు లేజర్ శత్రువుల మధ్య పాములా మెలికలు తిరుగుతూ సాగుతుంది. షూటర్ల చరిత్రలోకెల్లా అందమైన ఆయుధాల్లో అదొకటి.

తర్వాతి మార్పులు

టోవాప్లాన్ బట్సుగన్‌లో (1993) గుర్తుల కన్నా శత్రువులను కూల్చగా వచ్చే అనుభవమే నౌకను పెంచుతుంది. మరుసటి ఏడాది ఆ సంస్థ దివాలా తీసింది. అక్కడివారు నెలకొల్పిన కేవ్ సంస్థ నుంచి 1995లో డోన్‌పాచి వచ్చింది. బటన్ తడుతుంటే వెడల్పైన తూటాలు, నొక్కి పట్టుకుంటే లేజర్. లేజర్ వాడినంతసేపు నౌక నెమ్మదిస్తుంది. తూటాల వాన మధ్య ఇరుకు సందుల్లో దూరడానికి ఆ నెమ్మదే పనికొచ్చింది. 1994 నాటి టైటో ఆట రేఫోర్స్ కింది తలంలోని ఎనిమిది లక్ష్యాలను ఒకేసారి లేజర్‌తో బంధించనిచ్చింది.

షినోబు యగావా పేరుతో ముడిపడిన బాటిల్ గరెగ్గా (రైజింగ్, 1996) బలానికి మూల్యం చెల్లించే ఈ బేరాన్ని చివరిదాకా తీసుకెళ్లింది. కాల్చేకొద్దీ, గుర్తులు ఏరుకునేకొద్దీ ఆట కనబడకుండా కఠినమవుతుంది, లైఫ్ పోతే కొంత సడలుతుంది. నిపుణులు దొరికినవన్నీ ఏరుకోవడం మానేసి, సరైన చోట కావాలని చావడం నేర్చుకున్నారు.

ట్రెజర్ సంస్థ రేడియంట్ సిల్వర్‌గన్‌లో (1998) ఏరుకునే ఆయుధాలే లేవు, మూడు బటన్ల కలయికతో ఏడు రకాలు మొదటినుంచీ చేతిలో ఉంటాయి. అదే బృందం 2001లో చేసిన ఇకరుగాలో నౌక నలుపు, తెలుపు రంగుల మధ్య మారుతుంది. తన రంగు తూటాలను పీల్చుకుని, వాటి శక్తితో వెంటాడే కిరణాలను విడుస్తుంది.