సీపాప్ మాస్క్: ముఖానికి కుదిరితేనే చికిత్స

నిద్రలో శ్వాస ఆగిపోయే రుగ్మతకు వైద్యులు సూచించే ప్రధాన చికిత్స సీపాప్. యంత్రం ఇంటికి వచ్చిన తొలి రోజుల్లో రోగి దృష్టి అంతా దాని ధర మీద, తెరపై కనిపించే అంకెల మీద, మోటారు శబ్దం మీద ఉంటుంది. అయితే చికిత్స కొనసాగడమూ మధ్యలో ఆగిపోవడమూ చాలావరకు ముఖానికి ఆనే మాస్క్ మీద ఆధారపడి ఉంటాయి. మాస్క్ కుదరక కొద్ది రోజులు అవస్థపడి, చివరకు యంత్రాన్ని బీరువాలో పెట్టేసే వారు తక్కువేమీ కాదు. అటువంటి వారిలో పలువురి ఇబ్బంది మాస్క్ కొలత మార్చడంతోనో, పట్టీ కాస్త వదులు చేయడంతోనో తీరిపోయేదే.

రుగ్మత ఏమిటి, గాలి ఏం చేస్తుంది

నిద్రలో గొంతు కండరాలు సడలినప్పుడు కొందరిలో శ్వాసమార్గం మూసుకుపోతుంది. దీనినే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. కనీసం 10 సెకన్ల పాటు గాలి ఆగితే దానిని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెదడు ఉలిక్కిపడుతుంది. రోగి పెద్ద గురకతో గాలి పీల్చుకొని మళ్లీ నిద్రలోకి జారుకుంటారు. ఉదయానికి ఇవేవీ గుర్తుండవు. తలనొప్పి, నోరు ఎండిపోవడం, పగటివేళ కునికిపాట్లు మాత్రం మిగులుతాయి. శ్వాస ఆగడం లేదా బాగా తగ్గడం గంటకు సగటున 5 నుంచి 15 సార్లు జరిగితే స్వల్ప స్థాయి, 15 నుంచి 30 వరకు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

చికిత్స లేకుండా కొనసాగే తీవ్ర రుగ్మతకు అధిక రక్తపోటు, గుండె లయ తప్పడం, పక్షవాతం వంటి వాటితో సంబంధం ఉంది. వాహనం నడిపేవారు కునుకు తీయడం వల్ల జరిగే ప్రమాదాలు వీటికి అదనం. ప్రపంచంలో 30 నుంచి 69 ఏళ్ల మధ్య వయస్కుల్లో సుమారు 93.6 కోట్ల మందికి ఏదో ఒక స్థాయిలో ఈ రుగ్మత ఉందని 2019లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. ‘గ్యాంగ్ లీడర్’ వంటి చిత్రాలతో తెలుగు శ్రోతలకు చిరపరిచితుడైన సంగీత దర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరి 15న ముంబయిలో కన్నుమూసినప్పుడు, మరణానికి ఈ వ్యాధే కారణమని వైద్యులు వెల్లడించారు. అప్పటి వరకు గురకను గాఢనిద్రకు గుర్తుగా భావించిన అనేక కుటుంబాల్లో ఆ వార్త చర్చకు వచ్చింది.

సీపాప్ యంత్రం గదిలోని గాలినే తీసుకొని, స్వల్ప పీడనంతో గొట్టం ద్వారా మాస్క్‌లోకి పంపుతుంది. ఆ పీడనం గొంతు లోపలి మెత్తని భాగాలను పక్కకు నెట్టి ఉంచి, దారి మూసుకుపోకుండా చూస్తుంది. ఇది ఆక్సిజన్ ఇచ్చే యంత్రమన్న అభిప్రాయం సరికాదు. సాధారణంగా ఈ యంత్రాల పీడనం 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటిమట్టానికి సమానంగా ఉంటుంది. ఎవరికి ఎంత అవసరమో నిద్ర పరీక్ష ఆధారంగా వైద్యులే నిర్ణయిస్తారు. మాస్క్ అంచుల నుంచి గాలి బయటకు పోతే ఆ పీడనం గొంతు వరకు చేరదు. మాస్క్ అమరికకు ఇంత ప్రాధాన్యం ఉండటానికి కారణం ఇదే.

జిగురుతో అతికించిన తొలి మాస్క్

ఈ విధానాన్ని ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సల్లివాన్ 1980లో సిడ్నీలో తొలిసారి రోగులపై ప్రయోగించారు. అప్పటి వరకు తీవ్ర స్థాయి రోగులకు గొంతుకు రంధ్రం చేసే ట్రాకియాస్టమీ శస్త్రచికిత్సే ప్రధాన మార్గం. ఐదుగురు రోగులలో లభించిన ఫలితాలను ఆయన బృందం 1981లో ‘ది లాన్సెట్’ పత్రికలో ప్రచురించింది. ఆ రోజుల్లో ఒక్కో రోగి ముక్కుకు ప్లాస్టర్‌తో అచ్చు తీసి, దానిని బట్టి విడిగా మాస్క్ తయారుచేసేవారు. గాలి పోకుండా ప్రతి రాత్రీ సిలికాన్ జిగురుతో ముఖానికి అతికించి, ఉదయం ఊడదీసేవారు. నేడు దుకాణంలో దొరికే మెత్తని సిలికాన్ మాస్క్‌లు వేలమంది ముఖాలకు సరిపడేలా తయారవుతున్నాయి. ఒకరి ముఖానికే అచ్చుగా కుదరడం అన్నది మాత్రం ఇప్పుడు ఎంపిక ద్వారా, సర్దుబాటు ద్వారా సాధించుకోవలసిందే.

మూడు ప్రధాన రకాలు

ముక్కు మాస్క్ ముక్కును మాత్రమే కప్పుతుంది. దీనిలోనే ముక్కు కింది భాగానికి ఆని ఉండే చిన్న నమూనాలూ ఉన్నాయి. రెండవది నేజల్ పిల్లో. రెండు చిన్న మెత్తలు నాసికా రంధ్రాల వద్ద ఆనుతాయి. ముఖానికి తగిలే భాగం చాలా తక్కువ కనుక కళ్లజోడు పెట్టుకొని చదివేవారికి, ఇరుకులో ఉన్నట్టు భయపడేవారికి, గడ్డం ఉన్నవారికి ఇది అనుకూలం. ఎక్కువ పీడనం అవసరమైతే కొందరికి ముక్కు రంధ్రాల వద్ద ఒరిపిడి కలుగుతుంది. మూడవది ముక్కునూ నోటినీ కలిపి కప్పే ఫుల్ ఫేస్ మాస్క్.

నోటితో గాలి పీల్చేవారికి ఫుల్ ఫేస్ మాస్కే శరణ్యమన్న నమ్మకం విస్తృతంగా ఉంది. అయితే అమెరికా నిద్ర వైద్య నిపుణుల సంఘం 2019లో విడుదల చేసిన మార్గదర్శకాలు తొలి ఎంపికగా ముక్కు మాస్క్‌నే సూచించాయి. పెద్ద మాస్క్‌కు అంచు పొడవు ఎక్కువ కనుక గాలి లీకయ్యే అవకాశమూ ఎక్కువే. ముక్కు దిబ్బడ వల్ల నోరు తెరిచేవారికి ఆ దిబ్బడకు చికిత్స జరిగితే చిన్న మాస్క్ సరిపోవచ్చు.

పడుకొని చూడాలి, గాలితో చూడాలి

కుర్చీలో కూర్చొని అద్దంలో చూసుకుంటే చక్కగా కుదిరినట్టు కనిపించిన మాస్క్, పడుకోగానే జరిగిపోవచ్చు. వెల్లకిలా పడుకున్నప్పుడు, పక్కకు తిరిగినప్పుడు చెంపల ఆకారం మారుతుంది. అందువల్ల మాస్క్ కొనే ముందు, యంత్రం నడుస్తుండగా, తమకు సూచించిన పీడనం వద్ద, పడుకొని పరీక్షించుకోవడం అవసరం. మాస్క్‌ను మార్చుకునే వీలు ఎన్ని రోజులు ఉంటుందో విక్రేతను ముందుగానే అడగాలి.

కొలత ఒక్కో సంస్థకు ఒక్కో తీరుగా ఉంటుంది. ఒక సంస్థ మీడియం మరో సంస్థ స్మాల్‌తో సమానం కావచ్చు. ముక్కు మాస్క్‌కు ముక్కు వెడల్పు, ఫుల్ ఫేస్ మాస్క్‌కు ముక్కు దూలం నుంచి కింది పెదవి దిగువ వరకు ఉన్న పొడవు ముఖ్యం. నిద్రలో దవడ కొద్దిగా జారుతుంది కనుక రెండవ కొలతను నోరు కాస్త తెరిచి తీసుకోవడం మంచిది.

అమర్చేటప్పుడు ముందుగా ముఖం కడుక్కొని తుడుచుకోవాలి. పట్టీలు వదులుగా ఉంచి మాస్క్ పెట్టుకొని, యంత్రం నడిపి, పడుకోవాలి. మాస్క్‌ను ముఖం నుంచి కొద్దిగా పైకెత్తి మళ్లీ వదిలితే లోపలి పలుచని పొర గాలితో ఉబ్బి చర్మానికి ఆనుకుంటుంది. ఆ తర్వాతే పట్టీలను రెండు వైపులా సమానంగా, గాలి లీకు ఆగేంత వరకు మాత్రమే బిగించాలి. పట్టీ కింద ఒక వేలు సులువుగా దూరాలి.

బిగించే కొద్దీ పెరిగే లీకు

గాలి పోతున్నదనిపించగానే పట్టీ లాగి బిగించడం సహజంగా అందరూ చేసే పని. ఎక్కువ ఇబ్బందులకు మూలం కూడా అదే. అతిగా బిగిస్తే ఉబ్బవలసిన పొర నలిగి ముడతలు పడుతుంది. ఆ ముడతల గుండా గాలి మరింత పోతుంది. ముక్కు దూలం ఎర్రబడి పుండు పడుతుంది. అటువంటప్పుడు పట్టీలన్నీ వదులు చేసి మొదటి నుంచి అమర్చుకోవాలి. అయినా లీకు ఆగకపోతే లోపం కొలతలోనో, నమూనాలోనో ఉన్నదని గ్రహించాలి. ఉదయం కనిపించే గుర్తు కొద్దిసేపట్లో మాయమైతే ఆందోళన అక్కర్లేదు. నొప్పి, చర్మం చిట్లడం ఉంటే మాస్క్ మార్చవలసిందే.

కళ్లలోకి గాలి తగిలి మంట పుడితే ముక్కు దూలం వద్ద అమరిక సరిగా లేదని అర్థం. ఫుల్ ఫేస్ మాస్క్‌లో గడ్డం వద్ద గాలి పోతుంటే దవడ జారడమో, కొలత చిన్నది కావడమో కారణం. ఇక మాస్క్ ముందు భాగంలోని సన్నని రంధ్రాల నుంచి నిరంతరం వచ్చే గాలి లీకు కాదు. విడిచిన ఊపిరి బయటకు పోయే దారి అది. దానిని దుప్పటితో గాని, ప్లాస్టర్‌తో గాని ఎన్నడూ మూయరాదు.

మన ఇళ్లలో ఎదురయ్యే చిక్కులు

తలకు, ముఖానికి రాసుకున్న నూనె, క్రీములు సిలికాన్‌ను జారేలా చేస్తాయి, త్వరగా పాడుచేస్తాయి. రాత్రి తలకు నూనె పెట్టుకునే అలవాటు ఉన్నవారు దానిని పగటికి మార్చుకోవడం మేలు. వెనుక వేసిన కొప్పు లేదా బిగుతైన జడ పట్టీలను పైకి నెడుతుంది. జుట్టును వదులుగా, పట్టీకి దిగువన కట్టుకుంటే సరిపోతుంది. ముక్కుపుడక తీయడానికి ఇష్టపడని మహిళలు ఆ విషయం ముందే చెప్పి, రాయి మాస్క్ అంచు కిందకు రాని నమూనాను ఎంచుకోవచ్చు. రాత్రి కట్టుడు పళ్లు తీసివేసే పెద్దవారికి చెంపలు లోపలికి పోతాయి. వారి కొలత పళ్లు తీసిన తరువాతే చూడాలి.

అయ్యప్ప దీక్షలో ఉన్నవారికి మరో రెండు సంగతులు వర్తిస్తాయి. 41 రోజులు పెరిగే గడ్డం వల్ల ముక్కు మాస్క్, ఫుల్ ఫేస్ మాస్క్ అంచులు చర్మానికి సరిగా ఆనవు. నేలపై నిద్రించేటప్పుడు యంత్రం బల్లపై ఉంటే గొట్టంలో చేరిన తడి మాస్క్‌లోకి జారుతుంది. యంత్రం ఎప్పుడూ తల కంటే దిగువన, లేదా కనీసం అదే ఎత్తులో ఉండాలి.

పగలే మొదలుపెట్టే సాధన

మాస్క్ పెట్టుకోగానే ఊపిరాడనట్టు అనిపించడం తొలి రోజుల్లో సాధారణం. దీనికి నిపుణులు అంచెలవారీ సాధన సూచిస్తారు. మొదట పగటిపూట మాస్క్‌ను చేత్తో పట్టుకొని ముఖానికి ఆనించుకోవాలి. తరువాత పట్టీలతో పెట్టుకొని రేడియో వింటూనో, టీవీ చూస్తూనో అరగంట గడపాలి. ఆపై గొట్టం తగిలించి, గాలితో అదే పని చేయాలి. చివరకు మధ్యాహ్నపు కునుకులో వాడి, రాత్రికి కొనసాగించాలి. ఒక మెట్టు వద్ద గాభరా కలిగితే ముందు మెట్టుకు వెనుదిరగడంలో తప్పు లేదు. పీడనాన్ని నెమ్మదిగా పెంచే ర్యాంప్ సదుపాయం అనేక యంత్రాల్లో ఉంటుంది. నిద్రలో తెలియకుండా మాస్క్ తీసివేస్తే, మెలకువ వచ్చినప్పుడు తిరిగి పెట్టుకోవాలి.

ముక్కు, గొంతు ఎండిపోతే తేమనిచ్చే హ్యుమిడిఫయర్ ఉపకరిస్తుంది. దానిలో డిస్టిల్డ్ వాటర్ వాడి, మిగిలినది ఉదయాన్నే పారబోయాలి. బోరు నీటి వల్ల తొట్టిలో తెల్లని పొర పేరుకుంటుంది. ఏసీ గదిలో గొట్టంలో నీటి చుక్కలు చేరితే తేమ స్థాయి తగ్గించాలి, లేదా గొట్టానికి గుడ్డ తొడుగు వేయాలి. కరెంటు తరచుగా పోయే ప్రాంతాల్లో ఇన్వర్టర్ అవసరం. బ్యాటరీపై నడిచేటప్పుడు హ్యుమిడిఫయర్ ఆపివేస్తే విద్యుత్ ఆదా అవుతుంది.

మాస్క్ మెత్తను రోజూ గోరువెచ్చని నీటితో, ఘాటు లేని సబ్బుతో కడిగి, నీడలో ఆరబెట్టాలి. పట్టీలను వారానికోసారి ఉతికితే చాలు. మెత్త గట్టిపడినా, చిరిగినా మార్చాలి. సాగిపోయిన పట్టీలను ఇంకా ఇంకా బిగిస్తూ వాడటం పొదుపు కాదు. ఒకరి మాస్క్ మరొకరు వాడరాదు.

వైద్యుని సంప్రదించవలసిన సందర్భాలు

కొన్ని మాస్క్‌ల పట్టీలకు అయస్కాంత క్లిప్పులు ఉంటాయి. గుండెలో పేస్‌మేకర్, మెదడులో లోహపు క్లిప్పు వంటివి అమర్చుకున్నవారు, వారి పక్కన నిద్రించేవారు ఆ రకం వాడేముందు వైద్యుని అడగడం తప్పనిసరి. అయస్కాంతానికి, శరీరంలోని పరికరానికి మధ్య కనీసం 15 సెంటీమీటర్ల దూరం ఉండాలని తయారీ సంస్థలు హెచ్చరించాయి. వాంతి వచ్చినప్పుడు సొంతంగా మాస్క్ తీసుకోలేని స్థితిలో ఉన్నవారికి ఫుల్ ఫేస్ మాస్క్ ప్రమాదకరం.

కడుపు గాలితో ఉబ్బరించడం, ముక్కు నుంచి రక్తం రావడం, మాస్క్ సరిగా ఉన్నా గురక, పగటి మగత తగ్గకపోవడం వంటివి ఉంటే పీడనాన్ని పునఃసమీక్షించాలి. శరీర బరువు బాగా తగ్గినా పెరిగినా మాస్క్ కొలతా పీడనమూ మారవచ్చు. చాలా యంత్రాలు రాత్రి వాడిన గంటలను, లీకు పరిమాణాన్ని, మిగిలిన శ్వాస ఆటంకాల సంఖ్యను నమోదు చేస్తాయి. ఆ వివరాలను వైద్యునికి చూపాలి. రాత్రికి 4 గంటల వాడకాన్ని వైద్యులు సాధారణంగా కనీస ప్రమాణంగా తీసుకుంటారు. నిద్రించినంతసేపూ వాడితేనే పూర్తి ప్రయోజనం.

యంత్రం చెప్పలేని సమాచారం పక్కన నిద్రించేవారి వద్ద ఉంటుంది. మాస్క్ ఏ వేళకు తీసివేశారో, ఏ వైపు తిరిగితే గాలి చప్పుడు వచ్చిందో, గురక మళ్లీ ఎప్పుడు మొదలైందో వారికే తెలుస్తుంది. మాస్క్ సరిచూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వారినీ వెంట తీసుకువెళ్లడం మంచిది. మాస్క్ కుదరలేదన్న కారణంతో చికిత్స మానేయాలన్న నిర్ణయానికి వచ్చిన వారు, ఆ నిర్ణయానికి ముందే ఆ మాటను వైద్యునికి చెప్పాలి.